ఒకే టేపు, ఒకే చెయ్యి

మార్చి 2

జెండా ఇంకా ఎర్రగానే ఉంది. రేవు ఆఫీసు మీద ఆ గుడ్డముక్క దిగేదాకా పడవలేవీ కదలవు. మేం వెళ్ళాల్సిన ఇసుక దిబ్బ ఈ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. మధ్యలో ఉన్నది ముప్పావుగంట ప్రయాణం. ఆ ముప్పావుగంట దాటడానికి నాలుగు రోజులుగా కూర్చున్నాం.

పర్మిట్ పదమూడో తారీకుతో సరి. ఆ తర్వాత ఒక్క పూట కూడా పొడిగించరట. తాబేళ్ళకి పర్మిట్ అక్కర్లేదు కాబట్టి అవి ఎక్కుతున్నాయి, గుడ్లు పెడుతున్నాయి, దిగిపోతున్నాయి. చూసేవాళ్ళే ఇవతల టీ తాగుతున్నారు.

ఈ డైరీ ఎవరూ చదవరు. అచ్చయిన నా పుస్తకాలనే ఎవరూ చదవలేదు, ఇదెవరు చదువుతారు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. నాకు డెబ్బై ఎనిమిది. మోకాళ్ళు రెండూ ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి. ఈ వయసులో ఇంత దూరం వచ్చింది తాబేళ్ళ మీద ప్రేమతో కాదు. పటకారుగాడు తప్పని తేల్చడానికి వచ్చాను.

మార్చి 3

వాన. పని లేదు. పాత సంగతులు రాస్తాను.

పటకారు నేను పెట్టిన పేరు. చదువుకునే రోజుల్లో ఇద్దరిదీ ఒకటే గది. తాబేటి డిప్పని రెండు రకాలుగా కొలవచ్చు. చెక్కతో చేసిన పెద్ద పటకారులాంటి దానితో ఈ కొస నుంచి ఆ కొసకి తిన్నగా కొలవడం వాడి పద్ధతి. డిప్ప వంపు మీద గుడ్డ టేపు పరిచి కొలవడం నా పద్ధతి. తొమ్మిదేళ్ళు ఆ అవతలి దిబ్బ మీద పద్ధెనిమిది వందల తాబేళ్ళని కొలిచాను. నేను అంకె చెప్తే మా ఆవిడ పుస్తకంలో రాసేది. మొదటి ఏడు సగటు డెబ్బై ఒకటి పాయింటు ఎనిమిది సెంటీమీటర్లు. తొమ్మిదో ఏడు అరవై తొమ్మిది నాలుగు. పెద్దవి వలల్లో చచ్చిపోతున్నాయి, చిన్నవి మిగులుతున్నాయి, ఈ తీరానికి వచ్చే తాబేళ్ళు ఏటేటా చిన్నవవుతున్నాయి. ఇదీ నా సిద్ధాంతం. నా బతుకంతా ఇదే.

నిండు సభలో వాడు లేచి నా కొలతల మీద అనుమానం ఉందన్నాడు. నా స్నేహితుడు. అందరూ వాడి ముఖం చూసి తలలూపారు. ఆ తలల్లో సగానికి పైగా నా వ్యాసం చదవనివే. ఆ తర్వాత నన్ను ఏ సభకీ పిలవలేదు. ముప్పై ఏళ్ళుగా వాడితో మాట లేదు.

ఇప్పుడు వాడి శిష్యురాలే నన్ను పిలిపించింది. మా జట్టుకి పెద్ద ఆవిడే. వైద్యం చెయ్యదు గాని, తాబేళ్ళ మీద డాక్టరేటు ఉంది కనుక ఇక్కడ అందరూ డాక్టరమ్మ అంటారు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే తీరంలో మళ్ళీ కొలిచి, నా అంకెల పక్కన పెడుతుందట. వాడి శిష్యురాలు, నా అంకెలు. ఇంతకంటే ఏం కావాలి.

మార్చి 4

జెండా ఎర్రన.

మార్చి 5

గాలికి పడమటి గది కిటికీ రెక్క ఊడి గోడ అవతల పడింది. నా నోటుపుస్తకాల పెట్టె సరిగ్గా దాని కిందే ఉంది. నేను వాతావరణ శాఖ వాళ్ళని తిడుతూ నిలబడ్డాను.

"ముందు పెట్టె జరపండి పెద్దాయనా. తిట్లు తడవవు, పుస్తకాలు తడుస్తాయి," అంది వంటామె. ఈ బసని చూసుకునేదీ, మాకు వండిపెట్టేదీ ఆమే. ఆమె మరిది వడ్రంగి. కొలత రాసిస్తే చెక్క కోసి పంపుతాడంది.

నేనే కొలిచాను. నా టేపు జేబులోనే ఉంటుంది. పసుప్పచ్చ గుడ్డ టేపు, రెండు కొసలా ఇత్తడి రేకు. మా ఆవిడ కుట్టు మిషను సొరుగులోంచి తీసుకున్నది. అడ్డం నూట పద్ధెనిమిది. చీటీ రాసిచ్చాను.

డాక్టరమ్మ టేపుని చేతిలోకి తీసుకుని చూసింది. "ఆ కొలతలన్నీ దీంతోనేనా మాస్టారూ?"

"తొమ్మిదేళ్ళూ దీంతోనే. ఒకే టేపు, ఒకే చెయ్యి. ఈ కాలం వాళ్ళు ఏడాదికో పరికరం మార్చి తేడాలు వచ్చాయని ఏడుస్తారు."

ఆమె నవ్వి టేపు తిరిగి ఇచ్చేసింది. పెద్దలంటే గౌరవం ఉన్న పిల్ల.

మార్చి 6

ఈ ఊళ్ళో వడ్రంగికి కొలవడం రాదు.

చెక్క తెచ్చి కిటికీకి ఆనించాడు. పక్కన రెండు వేళ్ళు దూరేంత సందు.

"పెద్దాయనా, ఇదేం కొలతండీ?"

"నూట పద్ధెనిమిది అని రాసిచ్చాను."

"నేనూ నూట పద్ధెనిమిదే కోశాను. కిటికీయే మీ మాట వినలేదు."

గుమ్మం దగ్గర వాళ్ళ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కొలవడం నాకు నేర్పకు. పద్ధెనిమిది వందల తాబేళ్ళని కొలిచినవాణ్ణి."

"తాబేళ్ళకేం లెండి. తక్కువ కొలిచారేంటని వెనక్కొచ్చి అడగవు కదా."

మొలకి తగిలించుకున్న ఇనుప టేపు లాగి నా కళ్ళ ముందే పెట్టాడు. నూట ఇరవై రెండు. తడికి చెక్క ఉబ్బి ఉంటుందన్నాను.

"ఉబ్బితే సందు తగ్గాలి గాని పెరుగుతుందా? ఏదీ, మీ టేపు ఓసారి ఇటివ్వండి, దీని పక్కన పెట్టి చూద్దాం."

ఇవ్వలేదు. అది మా ఆవిడ టేపు. ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోవడానికి కాదు. గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ కిటికీ గోడ కట్టినవాడు తాగి కట్టి ఉంటాడు. ఒక చివర నూట పద్ధెనిమిది, ఒక చివర నూట ఇరవై రెండు ఉంటుంది. అంతే.

మార్చి 7

టేపు చూడలేదు. అవసరం లేదు.

మార్చి 8

వాన తగ్గింది, గాలి తగ్గలేదు. సరంగు పొద్దున వచ్చి, జెండా దిగినా అలల ముందు తన పడవ అగ్గిపెట్టెతో సమానమని చెప్పి, రెండు టీలు తాగి వెళ్ళాడు.

వడ్రంగి మాట మొన్నటి నుంచీ చెవిలో తిరుగుతోంది. ఆ మాట నాకు కొత్త కాదు. సభకి నెల ముందు పటకారు ఉత్తరం రాశాడు. ఉన్నది రెండే వాక్యాలు, నాకు కంఠతా వచ్చు. "ఒరేయ్, ఆ గుడ్డ టేపుని ఒక్కసారి ఇనుప టేపు పక్కన పెట్టి చూడరా. చూశానని నువ్వంటే సభలో నేను నోరెత్తను."

చూశానని నేను అనలేదు. ఎందుకనాలి? చదివినవాళ్ళకి తెలుస్తుంది, అనుమానం అనేది అవమానానికి వేసిన మర్యాద ముసుగు. ఆ టేపు నా భార్యది. పొద్దస్తమానం ఊరందరి బట్టలూ కుట్టి, సెలవుల్లో నా వెంట ఇసుకలో నడిచిన మనిషిది. ఆమె వస్తువుని శంకించినవాణ్ణి గడప తొక్కనివ్వకూడదనుకున్నాను. తొక్కనివ్వలేదు.

ఆవిడేమందంటే, ఆవిడేమీ అనలేదు.

మార్చి 9

తడిసిన నోటుపుస్తకాలని విప్పి బల్ల మీద ఆరబెట్టాం. డాక్టరమ్మ ఒక్కో కాగితాన్నీ పసిపిల్లని పడుకోబెట్టినట్టు పరిచింది. మా ఆవిడ అక్షరం ముత్యంలా ఉంటుంది. సిరా పాకలేదు.

కొన్ని వరసల పక్కన పెన్సిల్‌తో చిన్న గాట్లు. కుట్టాల్సిన చోట దర్జీలు గుడ్డ మీద పెట్టుకునే గుర్తులాంటివి. ఆ పుస్తకాలు వంద సార్లు తిరగేశాను. పెన్సిల్ మొన చూసుకుని ఉంటుందిలే అనుకునేవాణ్ణి. ఇవాళ అన్ని కాగితాలూ ఒకేసారి బల్ల మీద ఉండేసరికి తెలిసింది. గుర్తు ఉన్నవన్నీ మళ్ళీ వచ్చిన తాబేళ్ళే. ముందు రెక్కకి మేం కొట్టిన బిళ్ళతో తర్వాతి ఏళ్ళలో తిరిగొచ్చినవి. లెక్కపెట్టాను. నలభై మూడు.

నాలుగు వందల పదిహేడో బిళ్ళ ఉన్నది మూడు సార్లు వచ్చింది. మొదటి ఏడు డెబ్బై రెండు ఆరు. అయిదో ఏడు డెబ్బై ఒకటి నాలుగు. తొమ్మిదో ఏడు డెబ్బై పాయింటు మూడు. పక్కన నా చేతిరాత: "వయసు మీద పడి డిప్ప కుంగింది."

మనిషి కుంగుతాడు. డిప్ప కుంగదు. ఇది మొదటి ఏడు చదివే పిల్లలకి తెలుసు. ఆ వాక్యం రాసే రోజున నాకూ తెలుసు.

మార్చి 10

వానలోనే వడ్రంగి కొట్టుకి నడిచి వెళ్ళాను. అర కిలోమీటరు, మూడు చోట్ల ఆగాను. నన్ను చూసి చేతిలో చిత్రిక పక్కన పెట్టాడు. వెటకారం ఆడతాడనుకున్నాను. ఆడలేదు. స్టూలు తుడిచి వేశాడు.

బల్ల మీద ఇనుప టేపు పరిచాడు. పక్కన నాది పరిచాను. రెండు మొదళ్ళనీ తన బొటనవేలితో అదిమి పట్టాడు. నేను లాగలేదు, వదులుగానే పెట్టాను. నా టేపు మీద మీటరు గీత ఉన్న చోట వాడి టేపు నూట మూడున్నర చూపిస్తోంది.

"ఎన్నాళ్ళు వాడారు?"

"తొమ్మిదేళ్ళు."

"ఉప్పునీళ్ళలోనా?"

"ఊఁ."

"మా పక్క కొట్టు దర్జీ ఆర్నెల్లకోటి పారేస్తాడండీ."

మా ఆవిడా పారేసేది.

ఆవిడేమీ అనలేదని మొన్న రాశాను. అబద్ధం. మూడో ఏడు సామాన్లు సర్దుతుంటే కొత్త టేపు తెచ్చి నా ముందు పెట్టింది. "ఆ పాతది సాగిందండీ, ఇది పట్టుకెళ్దాం," అంది. నేనేమన్నానో కూడా రాయాలి. "ఇది జాకెట్లు కుట్టడం కాదు. శాస్త్రంలో మధ్యలో పరికరం మార్చకూడదు," అన్నాను. పక్కన పటకారు కూడా ఉన్నాడు. ఆవిడ కొత్త టేపుని సొరుగులో పెట్టేసింది. ఇంకో ఆరేళ్ళు నేను చెప్పిన అంకెలు చెప్పినట్టు రాసింది. అంకెల పక్కన గాట్లు పెట్టింది.

మార్చి 11

నిన్నటిది చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

పొద్దున టీ దగ్గర డాక్టరమ్మ మాంచి హుషారుగా ఉంది. రేపో ఎల్లుండో జెండా దిగుతుందట.

"ఇప్పుడు కొలిస్తే సగటు డెబ్బై ఒకటి దాటిందనుకోండి మాస్టారూ. మీ చివరి ఏడు అరవై తొమ్మిది నాలుగు. అంటే మధ్యలో కోలుకున్నట్టే కదా. అప్పుడు చిన్నవయ్యాయని మీరన్నదీ నిజం, వలలు ఆపించాక పెరిగాయన్నదీ నిజం."

"ఊఁ."

"వ్యాసంలో మొదటి పేరు మీదే పెడతాను. మా సారు కూడా కాదనలేరు."

"ఆ బిస్కెట్లు ఇటు జరుపు," అన్నాను.

అంతే అన్నాను. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, గెలుస్తాను. ఆ పిల్ల కొత్త టేపు నిజమైన అంకె చెబుతుంది, నా పాత అంకె అబద్ధం చెబుతుంది, రెండింటి మధ్యా నా సిద్ధాంతం దర్జాగా నిలబడుతుంది. పటకారు దాన్ని పేపర్లో చదువుతాడు. ఎవరికి తెలుస్తుంది? వడ్రంగికి తాబేళ్ళతో పని లేదు. మా ఆవిడ లేదు. తాబేళ్ళు కోలుకున్నాయి కాబట్టి వలలు వదలమని అడిగేవాళ్ళు బయల్దేరతారు. బయల్దేరనీ. నన్ను సభల్లోంచి వెళ్ళగొట్టినప్పుడు ఎవరు అడ్డం వచ్చారు?

రేపో మాపో ఆ పిల్ల కూడా ఒక సభలో నిలబడుతుంది. ఎవడో ఒకడు లేచి టేపు సంగతి అడుగుతాడు.

అడగకపోనూవచ్చు.

మార్చి 12

జెండా దిగింది. రేపు తెల్లారగానే బయల్దేరతాం. పర్మిట్‌కి అదే ఆఖరి రోజు. పాత టేపు జేబులో పెట్టుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

మార్చి 13

పడవ దిగేటప్పుడు నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. తటపటాయిస్తుంటే సరంగు వీపు తిప్పాడు.

"ఎక్కండి పెద్దాయనా. గాలివాన ఆపిందన్నారు ఇన్నాళ్ళూ, ఇప్పుడు పంచె తడుస్తుందని ఆగుతారా?"

బస్తాలా మోసుకెళ్ళి ఇసుకలో దింపాడు. దిబ్బ నాకు గుర్తున్నట్టు లేదు. తుపాను సగం తీరాన్ని కోసుకుపోయింది. నిలువెత్తు ఇసుక గోడ, దాని కింద చితికిన గుడ్ల పెంకులు. డాక్టరమ్మ వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచింది.

గాలి గట్టిగా వీచిన మర్నాడు కొన్ని తాబేళ్ళు వెలుగొచ్చాక కూడా ఎక్కుతాయి. ఏడయింది. ఇసుక గోడకి ఇవతల ఒకటి గుడ్లు పెట్టడం ముగించి, వెనక రెక్కలతో గుంట పూడుస్తోంది. అప్పుడే కడిగిన రాయిలా డిప్ప ఎండకి మెరుస్తోంది.

"మొదటిది మీ చేత్తోనే కానివ్వండి మాస్టారూ." తన కొత్త టేపు నా చేతికిచ్చింది. అది సాగని రకం. సరంగు నా రెక్క పట్టుకుంటే మోకాళ్ళ మీద కూర్చున్నాను. వంపు మీద పరిచి చూశాను. ముప్పై ఏళ్ళయినా నా వేళ్ళకి చోటు గుర్తుంది.

"డెబ్బై ఒకటి ఆరు."

రాసుకుంది. ముఖం వెలిగిపోయింది. ఇక లేస్తానేమోనని సరంగు చెయ్యి అందించాడు. లేవలేదు. జేబులోంచి పాత టేపు తీసి అదే డిప్ప మీద, అదే చోట పరిచాను.

"ఇదీ రాయి. అరవై తొమ్మిది రెండు."

"అదేంటి?"

"ఈ టేపుతోనే ముప్పై ఏళ్ళ కిందట నేను కొలిచింది. తాబేళ్ళు చిన్నవవలేదమ్మా. నా టేపు పెద్దదయింది."

తాబేలు విసిరిన ఇసుక ఇద్దరి ముఖాల మీదా పడింది. ఆ పిల్ల తుడుచుకోలేదు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మూడు రోజులైంది," అన్నాను. తర్వాత, "ముప్పై ఏళ్ళైంది," అన్నాను.

"మరి మొన్న టీ దగ్గర చెప్పలేదే?"

"మొదటి పేరు నాదన్నావు. నోరు పెగల్లేదు."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడే హక్కు ఉంది. రెండేళ్ళు తిరిగి ఈ పని తెచ్చుకుంది, రెండు వారాలు వానకి పోయాయి, మిగిలిన ఒక్కరోజునీ నేను చెడగొట్టాను. తాబేలు సముద్రం వైపు తిరిగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"బిళ్ళతో తిరిగొచ్చినవి ఎన్ని ఉన్నాయి మాస్టారూ?"

"నలభై మూడు. మా ఆవిడ గుర్తు పెట్టి ఉంచింది."

"పెద్ద తాబేలు తగ్గదు. కాబట్టి దాని కొలత ఎంత తగ్గితే ఆ ఏడు టేపు అంత సాగినట్టు. నలభై మూడూ వరసగా పెడితే ఏ ఏటికి ఎంతో తేలిపోతుంది. పద్ధెనిమిది వందల అంకెలూ సరిచెయ్యొచ్చు."

"నా సిద్ధాంతం?"

"అది పోయింది మాస్టారూ."

మెత్తగా చెప్పాలని చూడలేదు. ఆ ఒక్క ముక్కకే ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

"ఆవిడకి ఈ లెక్క చూపించాలి. ఇంట్లోనే ఉన్నారా?"

"ఆరేళ్ళయింది."

"ఆవిడ పేరు చెప్పండి," అంది. చెప్పాను. పుస్తకం మొదటి పేజీలో, నా పేరుకి పైన రాసుకుంది.

సాయంత్రం దాకా ఇంకో పదకొండు కొలిచాం. అన్నీ తన టేపుతోనే.

మార్చి 14

"మిమ్మల్ని పిలవమని నాకు చెప్పిందెవరనుకున్నారు?" అని సామాన్లు సర్దుతూ అంది డాక్టరమ్మ. నేను అడక్కుండానే నంబరు నొక్కి ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

గొంతు బాగా ముసలిదైంది వాడిది. ఎవరని రెండుసార్లు అడిగాడు.

"టేపు చూశాను," అన్నాను.

దగ్గాడు. ఎవరినో టీవీ ఆపమన్నాడు.

"ఎంత?"

"మీటరుకి మూడున్నర."

"నేను మూడని లెక్కేశానురా."

"అర సెంటీమీటరు తప్పావు."

"సరే, తప్పాను."

ముప్పై ఏళ్ళలో వాడు నా దగ్గర తప్పు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. అర సెంటీమీటరు. చాలు.

"ఒకసారి మీ ఆవిడకివ్వు," అన్నాడు. "ఆ రోజు కొత్త టేపు తీసుకొచ్చి పెట్టినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క మాట కలపలేదు. అది చెప్పాలి."

చెప్పాను.

ఆవిడ పోయి ఆరేళ్ళయిందన్నాక చాలాసేపు అటు నుంచి ఏమీ వినపడలేదు. ఇద్దరిలో ఎవరమూ ముందు పెట్టెయ్యలేదు. చివరికి డాక్టరమ్మ ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

మళ్ళీ పెట్టమని నేనే అడిగాను.